మూడో పొట్లం

గంజి బియ్యం తరిగిపోతున్నాయి. దొంగ సిద్ధయ్యేనని ఊరంతా తేల్చేసింది.

ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువుకు అది రెండో ఏడు. ఉదయగిరి దగ్గర సర్కారువాళ్లు రోడ్డు పని పెట్టించి, పనిచేసినవాళ్లకు పూటకింత గంజి పోయిస్తున్నారు. గంజి పంపకం పెత్తనం మాలకొండయ్య రెడ్డిది. బియ్యం కొట్టానికి సిద్ధయ్య కావలి. బస్తాలు తరుగుతుంటే కావలివాణ్ణి కాక ఇంకెవరిని అనుమానిస్తారు? పనిలోంచి తీసేస్తే గంజి ఉండదు. గంజి లేకపోతే ఏమవుతుందో రోడ్డు పక్కన పడి ఉన్నవాళ్లను చూస్తే తెలుస్తుంది.

వాణ్ణి ఇప్పుడే తరిమేయమన్నారు జనం. ఆకలి మీదున్న జనానికి ఓపిక ఎక్కడిది?

మాలకొండయ్య ఒప్పుకోలేదు. ఆయన నిదానస్తుడు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ తగవు తీర్చాలన్నా ఆయన్నే పిలుచుకుపోయేవారు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు కూడా.

"ముందు వాడు దొంగ కాడనే అనుకుందాం. ఆ మాట నిలవకపోతే అప్పుడు తరుముదాం. దొంగను వదిలేస్తే నాలుగు మానికల బియ్యం పోతాయి. దొంగ కానోణ్ణి తరిమితే ప్రాణం పోతాది" అన్నాడు.

ఇలాంటప్పుడు అంకమ్మ దగ్గర పూలు అడగడం ఆ ఊరి ఆచారం. తెల్లపువ్వొకటి, ఎర్రపువ్వొకటి ఆకుల్లో చుట్టి, రెండు పొట్లాలు అమ్మవారి ముందు పెడతారు. నింద పడ్డవాడు ఒకటి తీస్తాడు. తెల్లది వస్తే వాడి తప్పు లేనట్టు, ఎర్రది వస్తే ఉన్నట్టు. మిగిలిన పొట్లం అమ్మవారిది, దాన్ని ఎవరూ విప్పరు. ఇంతకాలం ఒక్కసారి తీయించి తీర్పు చెప్పేసేవారు.

మాలకొండయ్యకు అది నచ్చలేదు. రెండింట్లో ఒకటి తీస్తే ఎర్రది రావడం ఏం వింత? ఏ పాపం ఎరగనివాడికీ వస్తుంది. రెండోసారీ రావచ్చు. వరసగా మూడుసార్లూ ఎర్రదే వస్తే మాత్రం ఊరికే వచ్చిందని సరిపెట్టుకోవడం కష్టం. అందుకని మూడు రోజులు తీయించాలని, ఒక్కసారి తెల్లది కనబడినా సిద్ధయ్యను వదిలేయాలని ముందే కట్టడి చేశాడు. జనం గొణిగారు గానీ కాదనలేకపోయారు.

పూజారి పెంచలనరసయ్యకు ఇంకో కట్టడి పెట్టాడు. ఆ ముసలాయన సిద్ధయ్య తండ్రికి నేస్తం. ఎక్కడ వాడివైపు మొగ్గుతాడోనని అందరికీ అనుమానం. పొట్లాలు ఆయన ఒక్కడే ఇంట్లో కట్టి తేవాలి, ఎందులో ఏముందో కంటితో కూడా సైగ చేయకూడదు. ముసలాయన ఏదో అనబోయాడు.

"నోరెత్తబాక. ఇది తేలేదాకా నీ నోట పూల మాట వినబడిందా, నీకూ గంజి ఉండదు" అన్నాడు మాలకొండయ్య.

మొదటి రోజు ఎర్రపువ్వు వచ్చింది. జనం లేచారు. ఒక్కదానికే ఏం తేలుతుందని మాలకొండయ్య కేకలేసి కూర్చోబెట్టాడు. రెండో రోజూ ఎర్రదే. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు. సిద్ధయ్య భార్య శీనమ్మ గుడి ముందే కూర్చుండిపోయింది. తెల్లపువ్వు రావాలని ఆమె తర్వాత అంతగా కోరుకున్నది మాలకొండయ్యే.

మూడో రోజు సిద్ధయ్య కుడివైపు పొట్లం మీద చెయ్యి పెట్టి, తీసేసి, ఎడమవైపుది పట్టుకున్నాడు. విప్పితే ఎర్రపువ్వు.

"ఇంకొక్కసారి తీయనియ్యండయ్యా" అని శీనమ్మ మాలకొండయ్య కాళ్ల మీద పడింది.

ఆయన మెత్తబడలేదు. ముందు పెట్టుకున్న కట్టడిని, వచ్చిన పువ్వును చూసి మారిస్తే ఇక అది తీర్పే కాదన్నాడు. మొగుడూ పెళ్లాం ఆ పూటే ఆత్మకూరు దారి పట్టారు.

కొన్నాళ్లకు కబురొచ్చింది. సిద్ధయ్య ఆత్మకూరు చేరకముందే దారిలో పడి చనిపోయాడట. శీనమ్మ ఏమైందో చెప్పేవాళ్లు లేరు.

తాను చేసింది న్యాయమేనని మాలకొండయ్య తనకు తాను పదేపదే చెప్పుకున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు చూశాడు కదా. ఊళ్లో ఇంత జాగ్రత్తగా తీర్పు చెప్పినవాడు ఇంకొకడు లేడు. అయినా మనసు ఊరుకోలేదు. గుడికి వెళ్లి, పోయినవాడి పేరున అమ్మవారికి తెల్లపూలతో పూజ చేయమని పెంచలనరసయ్యను అడిగాడు.

పూజారి తల దించుకున్నాడు.

"తెల్లపూలు ఎక్కడుండాయి రెడ్డీ, వానల్లేక ఈ ఏడు ఊళ్లో ఎర్ర గన్నేరు తప్ప ఏదీ పూయలేదని ఆ పొద్దు చెప్పబోతే నోరెత్తబాకంటివి, మూడు నాళ్లూ రెండు పొట్లాల్లోనూ ఎర్రవే కట్టినాను."