ఇల్లు ఖాళీ చేయించింది

విడాకులొచ్చాయి. ఉదయ్‌కుమార్ మాత్రం ఇంట్లోంచి కదల్లేదు.

ఇల్లు గౌరీశ్వరిది. గాజువాక సందులో వాళ్ల నాన్న ఆమె పేరున కట్టించిన రెండు గదుల ఇల్లు. ఇదెక్కడి న్యాయం? ఇంటామె ద్వారకానగర్ హాస్టల్లో నీళ్లచారు తాగుతోంది. ఏమీ కానివాడు ఆమె మంచం మీద కాళ్లు చాపుకుని టీవీ చూస్తున్నాడు.

పోలీసులు కోర్టుకెళ్లమన్నారు. కోర్టులో వాయిదా మీద వాయిదా. పెద్దమనుషులు వచ్చి టీ తాగి వెళ్లారు. ఎవరు అడిగినా వాడిది ఒకటే పాట.

"నానెల్లను. ఏటి సేత్తావో సేసుకో."

ఆ మాట తలుచుకుంటేనే గౌరీశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఓ ఆదివారం పొద్దున్నే, తాడో పేడో తేల్చుకుందామని బస్సెక్కి వచ్చింది.

గేటు ముందు ఎవరో ఒకావిడ ముగ్గేస్తోంది. బక్కపలచటి మనిషి. మెడలో పసుపుతాడు పచ్చగా, నిన్నో మొన్నో కట్టినట్టుంది.

అంటే పెళ్లి కూడా చేసేసుకున్నాడన్నమాట! నా గుమ్మంలో, కొత్త పెళ్లాం చేత ముగ్గా?

గౌరీశ్వరికి ఒళ్లు తెలీలేదు. చెప్పుకాలితో ముగ్గంతా చెరిపేసింది. అరుగు మీదున్న ఆవిడ సంచీ తీసి మురిక్కాలవలోకి విసిరింది. సిగ్గూ శరమూ లేదా అంది. ఇంకోదాని కొంపే కావాల్సొచ్చిందా అంది. ఇంకా చాలా అంది, అవి ఇక్కడ రాసేవి కావు. సందు సందంతా పోగైంది. ఉదయ్‌కుమార్ గుమ్మంలో గుంజలా నిలబడి చూశాడు.

ఆవిడ చేతులు జోడించింది.

"కొన్నాల్లు ఉండనియ్యమ్మా. అయిపోతాది."

"ఏటయిపోయేది? నా ఇల్లా?"

చెంప ఛెళ్లుమంది.

ఆవిడ ఏడవలేదు. కాలవలోంచి సంచీ తీసుకుంది. గేటవతల గోడవార కూచుంది.

నెల తిరక్కుండానే ఎదురింటి పోతమ్మ ఫోన్ చేసింది. వాడు సామాను ఆటోలో వేసుకుని పోయాడని, తాళం తన చేతిలో పెట్టాడని చెప్పింది.

నా నోటికి జడిసి పారిపోయాడని గౌరీశ్వరి హాస్టలంతా స్వీట్లు పంచింది. మర్నాడే వచ్చి, బకెట్లో పసుపు కలిపి, చీర కుచ్చిళ్లు దోపుకుని ఇల్లు కడగడం మొదలెట్టింది.

పోతమ్మ చేపల తట్ట దించి గుమ్మంలో కూచుంది.

"ఇల్లలకగానే పండగైపోదే అమ్మీ. ఎందుకంత రుద్దుతన్నావ్?"

"ఆ దిక్కుమాలింది తిరిగిన నేల కదా పిన్నీ."

పోతమ్మ మొహం మాడ్చుకుంది. తర్వాత చెప్పింది. ఆ దిక్కుమాలింది గడప తొక్కలేదట, అరుగు మీదే పడుకుని, రోజూ ఉదయ్‌కుమార్ వెనకాలే డ్యూటీ బస్సు దాకా నడిచేదట. షిఫ్టుకెళ్లే వాళ్లందరి ముందూ నిలబడి, ఆ పిల్ల ఇల్లు ఆ పిల్లకిచ్చెయ్ అనేదట. వాడు కొడితే దెబ్బలు తినేదట, మర్నాడు మళ్లీ అక్కడే నిలబడేదట. చివరికి బస్సులో వాడి పక్కన కూచునేవాడు లేకుండా పోయాడు. ఆ సిగ్గుతోనే వాడు ఊరొదిలాడు.

గౌరీశ్వరి చేతిలో చీపురు ఆగింది.

"మరి ఆవిడ? వాడితో ఎల్లిపోయిందా?"

"ఆడితో ఏటికెల్తాది? ఆడటు పోగానే భీమిలి బస్సెక్కింది. నీకు కబురు సేత్తానంటే వద్దంది."

"ఆ రోజే ఆవిడ నాకొక్క మాట చెప్పొచ్చు కదా, పిన్నీ."

"సెప్పనిచ్చావేటి నువ్వు?"

గౌరీశ్వరికి కొట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

"ఇంతకీ ఎవరావిడ?"

పోతమ్మ తట్ట నెత్తికెత్తుకుంది.

"వరహాలమ్మంటారు. భీమిలిలో కన్నోరిచ్చిన ఇంట్లో ఈడు ఇలాగే కూకుని, ఆకర్న దాన్నే బయటకి గెంటేశాడు. నీకా గతి పట్టకూడదని వొచ్చింది. నీకన్నా ముందు ఈడు తాళి కట్టింది దానికే."