ధైర్యం పీరియడ్

పిల్లలు నన్ను ‘ధైర్యం టీచర్’ అంటారు. కష్టమొస్తే కుంగిపోకుండా నిలబడడం ఎలాగో రోజూ ఒక పీరియడ్ చెప్పడం నా ఉద్యోగం. మార్కులు రాని పీరియడ్ దండగని, సోమవారం నుంచి ఆ గంట కూడా లెక్కలకే ఇచ్చేస్తున్నామని హెడ్మాస్టర్ ఈ శుక్రవారం పొద్దున్నే తేల్చేశారు. పిల్లలకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“కష్టమొస్తే ఎవరెవరికి చెప్పుకుంటారు? ఒక్కొక్కరికీ ఒక్కో వేలు మడవండి,” అన్నాను.

అమ్మకో వేలు, తాతకో వేలు. ఒకడు కుక్కపిల్లకి కూడా మడిచాడు. ఎప్పుడూ నోరు విప్పని ఆఖరి బెంచీ పిల్ల చిటికెన వేలితో మొదలుపెట్టి చకచకా పిడికిలి బిగించేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

“అయిదుగురా! ఎవరమ్మా వాళ్ళు?”

“సోమవారం మీరు. మంగళవారం మీరు. బుధ, గురు, శుక్రవారాలూ మీరే టీచర్.”

“నాకెప్పుడూ ఏమీ చెప్పలేదేం?”

“ధైర్యం వచ్చాక చెబుదామని.”

ఇక దాచలేకపోయాను. సోమవారం నుంచి రానని చెప్పేశాను. క్లాసంతా ‘అయ్యో’ అంది. ఆ పిల్ల మాత్రం లెక్క తప్పినట్టు పిడికిలి కేసి చూసుకుని, ఒక్కో వేలూ విప్పేసింది. బొటనవేలు అలాగే మడిచి ఉంచింది.

“ఇవాళ ఉన్నారుగా టీచర్,” అంటూ లేచి నా దగ్గరికి వచ్చింది. చెప్పడానికి నోరు తెరిచింది.

బెల్ మోగింది. లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

ఆ పిల్ల వెనక్కి వెళ్ళి లెక్కల పుస్తకం తీసింది.