పన్నెండు సీసాలు

తలుపు తీయగానే గుమ్మంలో పై వాటా ల్యుబింకాను చూసి తియానా గతుక్కుమంది. నిన్న తను ఆమె గడప ముందు చప్పుడు కాకుండా పెట్టొచ్చిన పన్నెండు ఖాళీ సీసాలూ బుట్టలో తిరిగొచ్చాయి, నిండా ఎర్ర మిరప పచ్చడితో.

"మిరపకాయలు కాల్చే రోజుల్లో ఖాళీ సీసాలు పెడితే పచ్చడి కావాలనేగా! నా బాల్కనీ పొగ మీద ఫిర్యాదు రాసినదానివి, మళ్ళీ నా పచ్చడే కావాల్సొచ్చిందేమే?"

ఆ ఫిర్యాదుతో మాటలు ఆగిపోయిన రెండేళ్ళకు ల్యుబింకా నవ్వుతోంది. 'చెత్తబుట్టలో వేయకుండా వదిలించుకోవాల్సినవి: పన్నెండు సీసాలు' అని ఫ్రిజ్ మీది కాగితంలో రాసుకున్న సంగతి చెప్పబోయి, తియానా నాలుక కరుచుకుంది.

"క్షమించమనడానికి నోరు రాక సీసాలు పంపిందని మా ఆయనతో పందెం కాశాను. గెలిచానా?"

తియానా బుట్ట అందుకుంది.

"గెలిచావు పిన్నీ."

"అయితే ఈసారి తలుపు కొట్టి ఇవ్వు. దొంగలా పెట్టి పారిపోకు, తలుపు కన్నంలోంచి చూశానులే!"

ఆమె వెళ్ళాక సీసాలన్నీ అలమరలో సర్దింది తియానా. ఫ్రిజ్ మీది కాగితంలో 'పన్నెండు సీసాలు' కొట్టేసి, 'రెండేళ్ళ పంతం' అని రాసుకుంది.