నడుం కేసు

"చూడండి, చూడండి! వంగుతున్నాడు!"

డిటెక్టివ్ ఏజెన్సీ యజమాని తెర మీద వేలు పెట్టి మరీ చూపించాడు. పక్కనున్న ఇన్సూరెన్స్ ఆఫీసరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. డిటెక్టివ్ మాత్రం వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

డిటెక్టివ్ అనగానే జనం టోపీ, భూతద్దం అనుకుంటారు. ఇన్నేళ్లలో అతను ఒక్క హంతకుడి మొహం చూసిన పాపాన పోలేదు. చూసినవల్లా ఎవరెవరివో చెత్తబుట్టలు. కుళ్లిన తొక్కల్లో చేతులు పెట్టి మందుల చీటీలు ఏరడం, మీటరు చూడాలంటూ ఇళ్లలోకి దూరడం, అద్దాలెత్తిన కారులో నక్కి కూర్చుని ఉచ్చ కూడా సీసాలోనే పోసుకోవడం. ఇంటికెళ్లి ఎంత రుద్ది కడుక్కున్నా, ముద్ద నోటి దగ్గరికి రాగానే అదే కంపు.

ఈసారి వేట ఒక లిఫ్టు మెకానిక్. పనిలో పైనుంచి పడి వెన్ను విరిగింది. లోపల ఊచలు వేశారు. ఇక ఏ పనీ చెయ్యలేడని ఇన్సూరెన్సువాళ్లు నెలనెలా పరిహారం ఇస్తున్నారు. ఆ ఇంటికి అదే ఆధారం. అంతా నటనని తేలిస్తే అది ఆగిపోతుంది. ఏజెన్సీలో అప్పుడే ఆయనకు 'నడుమాయన' అని పేరు కూడా పెట్టేశారు.

ఎన్నాళ్లు కాపు కాసినా డిటెక్టివ్‌కు కనిపించింది ఒక్కటే. భార్య భుజం పట్టుకుని ఆయన వాకిట్లోకి రావడం, పళ్లు బిగించి కుర్చీలో కూలబడడం. అదే చెప్పాడు. యజమాని వింటేగా! గేటుకెదురుగా స్తంభానికి కెమెరా బిగించమన్నాడు. దాంట్లో పడిందంతా నేరుగా ఆఫీసుకే వస్తుంది.

ఇవాళ వచ్చింది ఇదే.

తెర అంచున, మండుటెండలో ఒక కారు తలుపు తెరిచి ఉంది. నడుమాయన చేతికర్ర అవతల పారేసి, లోపల స్పృహ తప్పిన మనిషిని చంకల కింద పట్టి బయటికి లాగాడు. ఒక్క ఊపున లేపి భుజాన వేసుకున్నాడు.

"అబ్బో, ఎనభై కిలోలుంటాడు! ఎవడండీ ఆ పడిపోయినవాడు?" అన్నాడు ఆఫీసరు.

"మొహం కనిపించట్లేదు, ఎవడో తాగుబోతు. వాడెవడోగానీ మన పాలిట దేవుడు!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

తెర మీద నడుమాయన ఆ మనిషిని గోడ నీడలో పడుకోబెట్టి, కెమెరాకు అడ్డంగా కూర్చుని మొహాన నీళ్లు చల్లాడు. లేవబోయి, నడుం పట్టుకుని అక్కడే మెలికలు తిరిగిపోయాడు. నోరు తెరిచి అరుస్తున్నాడు, శబ్దం మాత్రం లేదు. భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఇది మనకక్కర్లేదు. ఎత్తడం వరకు ఉంచి మిగతాది కత్తిరించెయ్యండి," అన్నాడు ఆఫీసరు టీ చప్పరిస్తూ.

ఛీ, వీళ్లవీ ఒక బతుకులేనా అనుకున్నాడు డిటెక్టివ్. తనది మాత్రం?

యజమాని వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా, అప్పుడు నువ్వెక్కడ చచ్చావ్?"

"అక్కడే ఉన్నాను సార్."

"మరి ఇంత మంచి సంగతి చెప్పకుండా నోరు కుట్టేసుకున్నావేం? సరే, కళ్లారా చూశానని ఇక్కడ సంతకం పెట్టు."

"ఆయనకి నిజంగానే నొప్పి సార్. చూశారుగా, ఎలా పడిపోయాడో."

"నొప్పి వాడిది, కేసు మనది. పెడతావా, రేపట్నుంచి ఇంట్లో కూర్చుంటావా?"

డిటెక్టివ్ పెన్ను అందుకున్నాడు. కాండ్రించి ఉమ్మేయాలన్నంత రోత పుట్టింది. ఎవరి మొహాన ఉమ్మాలో తేల్చుకోలేక సంతకం పెట్టేశాడు.

నడుమాయన భుజం మీంచి వేలాడుతున్న ఆ రెండు కాళ్లూ తనవేనని మాత్రం చెప్పలేదు.