అత్తగారి గది హ్యాండిల్

"పాతవి పీకేసి, అన్నిటికీ ఈ గుండ్రటి ఇత్తడి హ్యాండిళ్లే బిగించు. అత్తయ్యగారి గదికి ఏదైనా ఒకటే. ఆవిడ తలుపెప్పుడు మూశారు గనక? మా మాటలు వినబడొద్దూ మరి!" అంది కోడలు వడ్రంగితో.

అత్తగారి గదికి బిగించాక, "తిప్పి చూడండమ్మా," అన్నాడతను ఆవిడతో.

అత్తగారి వంకరపోయిన వేళ్లు రెండుసార్లు జారాయి. "పాతదీ ఇంతే నాయనా. మూసుకుంటే మళ్లీ తీసుకోలేను."



వడ్రంగి దాన్ని విప్పి, కిందికి నొక్కే పొడుగాటి హ్యాండిల్ బిగించాడు. అత్తగారు మోచేత్తో నొక్కి చూసి, లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఎంతకీ చప్పుడు లేదు. కోడలు తలుపుకు చెవి ఆనించింది.

"అమ్మయ్య! ఐదేళ్లుగా ఈ మొగుడూపెళ్లాల పోట్లాటలు వినలేక చచ్చాను!"