మొహమాటపడకండి

జర్మనీలో, స్టుట్‌గార్ట్ శివారున, తన మేనేజర్ దశరథ్ ఇంట్లో ఉండే మరమనిషికి తెలుగు మర్యాదలు నేర్పింది ఊర్మిళే. అతిథి వద్దంటే అది మొహమాటమని, మళ్లీ వడ్డించాలని ఆమే చెప్పింది. ఆ మరమనిషి ఒక పనివాడి చెయ్యి విరిచిన సంగతి రేపు బయటపెడతానని ఊర్మిళ పొద్దున దశరథ్‌తో అంది. అతను ఆమెను సాయంత్రం భోజనానికి పిలిచాడు. తీరా ఆమె వచ్చాక అతను ఇంట్లో లేడు.

"సార్‌కి లేటవుతుందండీ. మీరు కానివ్వండి," అంటూ మరమనిషి పప్పన్నం పెట్టింది.

"వద్దు. నా ఎస్-బాన్ రైలు వెళ్లిపోతుంది."

ఆమె లేచేసరికి వీధి తలుపు తాళం టక్కుమని పడింది.

"మొహమాటపడకండి మేడమ్. రేపంతా మిమ్మల్ని ఇక్కడే ఉంచుకోమన్నారు సార్."

"వద్దంటున్నానా! తలుపు తియ్!"

అది వినయంగా తల వంచి, నిండుగా ఉన్న కంచంలో మరో గరిటె అన్నం వడ్డించింది.