రెండో ప్రశ్న

"ఎలా ఉన్నావు?" తలెత్తకుండా అడిగింది సిస్టర్ మువిరిమి.

"మీరు బాగుంటే నేనూ బాగున్నట్టే," అంది షువాయి.

సిస్టర్ కార్డు మీద 'బాగుంది' అని రాసింది.

మస్వింగో పట్నానికి పోయే దారిలోని ఆ చిన్న ఆసుపత్రిలో గురువారం, ఆలోచన ఎక్కువైన జబ్బువాళ్ళ రోజు. కాగితాల మీద దాని పేరు డిప్రెషన్.

వరసలో అరవై మంది. పలకరిస్తే చాలామంది ఆ మాటే అంటారు. ఆ ఊళ్ళో మర్యాద అది. గుండెలో బండ మోస్తున్నవాడైనా ముందు అదే అంటాడు. ఇంకోసారి అడిగితేనే అసలు సంగతి చెబుతాడు.

రెండోసారి అడిగే తీరిక సిస్టర్‌కి లేదు.

"ఆరు నెలలైంది. ఏడుపు ఆగింది. తిండి తింటున్నావు. ఇక మాత్రలు అక్కర్లేదు, జబ్బు తగ్గిందని రాసిస్తాను."

షువాయి ఆ కాగితం కోసమే వచ్చింది. బడి యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఆమె మిషను ఇంకా ఖాళీగానే ఉంది. కాగితం తెస్తేనే కూర్చోనిస్తానన్నాడు యజమాని.

"ఆగండి సిస్టర్. మాత్రలు ఇప్పుడే ఆపకండి."

బెంచీ మీద నుంచి ఆ మాటన్నది చికొమొ తాత.

ప్రతి గురువారం ఇస్త్రీ కోటు వేసుకుని వస్తాడు. వరసలో వాళ్ళ పక్కన కూర్చుని మెల్లగా ఏదో అడుగుతుంటాడు. ఆసుపత్రి మనిషి కాబోలని రోగులు అనుకునేవారు. ఎవరో రోగికి తోడొచ్చాడని సిస్టర్ అనుకునేది.

"ఏమిటి తాతా మీ గొడవ?"

"ఆ పిల్లకి ఇంకా నాలుక్కి రుచి తెలియట్లేదు. కోడి కూయకముందే మెలకువ వచ్చేస్తోంది. సూదిలో దారం ఎక్కించి, ఎందుకెక్కించానా అని చూస్తూ కూర్చుంటుందట. జబ్బు ఇల్లు ఖాళీ చేసింది గానీ, సామాను ఇంకా తీసుకెళ్ళలేదు."

"నాతో బాగున్నానందే."

"మీరు పలకరించారు, ఆమె మర్యాదగా బదులిచ్చింది. నేను పొద్దున సద్జా ముద్దలోకి తిన్న కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను."

మాత్రలు పంచే గుమస్తా కిసుక్కున నవ్వింది.

"తాత డాక్టరు కోర్సు వంటింట్లో చేసినట్టున్నాడు సిస్టర్."

వరసంతా నవ్వింది. సిస్టర్ మొహం మాడిపోయింది.

"ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. మీరేం చదివారు?"

"ఏమీ లేదమ్మా."

"అయితే లేవండి. జబ్బు లేని మనిషికి జబ్బువాళ్ళ బెంచీ మీద ఏం పని? మళ్ళీ గురువారం కనిపిస్తే గార్డుని పిలుస్తాను."

తాత కోటు సర్దుకుని లేచాడు. షువాయి వైపు తిరిగాడు.

"నాతో అన్నదే ఆవిడతో అనమ్మా."

కాగితం ఇంకా సిస్టర్ చేతిలోనే ఉంది.

"నేను బాగానే ఉన్నాను. మీరు వెళ్ళండి తాతా," అంది షువాయి, నేల చూస్తూ.

వెళ్ళిపోయాడు.

ఏడు వారాల తర్వాత షువాయిని వాళ్ళ అక్క చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. కాలర్లు తిరగేసి కుట్టిందని యజమాని ఆమెని మిషను మీద నుంచి లేపేశాడు. ఇంటికొచ్చి మంచమెక్కింది. మళ్ళీ దిగలేదు.

"ఎలా ఉన్నావు?" అంది సిస్టర్, అలవాటు కొద్దీ.

షువాయి ఈసారి ఆ మర్యాద కూడా చేయలేదు.

"ఆ తాత ఏడండీ?" అంది అక్క. "దీని నోట మాట రప్పించేది ఆయనొక్కడే."

"నా నోటా ఆయనే," అన్నాడు వెనక నుంచి ఒక లారీ డ్రైవరు. "లోపలికెళ్ళగానే సిస్టర్‌కి ముందు ఫలానాది చెప్పు అని నేర్పి పంపేవాడు. ఆయన లేకపోయాక, ఏం చెప్పాలో తెలీక బాగున్నానని వెళ్ళిపోతున్నా."

సిస్టర్ ఆ రోజు కార్డులన్నీ ముందేసుకుంది.

పాత రాతలు ఉన్నాయి. నిద్ర రావట్లేదు. ఒళ్ళు బరువు. పిల్లల్ని చూసినా సంతోషం లేదు. విన్నది గుర్తుండట్లేదు. ఒక్కోదానికీ తగ్గట్టు మాత్ర మార్చింది, మోతాదు మార్చింది. అవన్నీ తన తెలివితో రాబట్టిన సంగతులే అనుకుంది ఇన్నాళ్ళూ.

ఏడు వారాల నుంచి కార్డులన్నిటి మీదా ఒకటే మాట. బాగుంది.

డ్యూటీ దిగి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తాత అద్దెకుండే ఇల్లు పట్టుకుంది. ఇల్లుగలామె వాకిట్లో మొక్కజొన్న ఒలుస్తోంది.

"చికొమొనా? పాతిపెట్టి మూడు వారాలైంది సిస్టర్."

సిస్టర్ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఏం జబ్బు?"

"జబ్బేమీ లేదనేవాడు. ఒక గురువారం పెందలాడే తిరిగొచ్చి గదిలోకెళ్ళాడు. అంతే, పెట్టిన పళ్ళెం పెట్టినట్టే ఉండేది. ఆసుపత్రికి పోదాం రమ్మంటే, అక్కడ నాకు పని లేదన్నారు అని నవ్వాడు."

"మా దగ్గరికి ఎవరికి తోడు వచ్చేవాడు?"

ఇల్లుగలామె చేతిలో పొత్తు కింద పెట్టింది.

"తోడేమిటి? రెండేళ్ళ కిందట జబ్బు తగ్గిందని మీరు సంతకం పెట్టి పంపేసిన రోగి కదా ఆయన, అందరినీ తనడిగేవి తననెవరైనా అడుగుతారేమోనని ప్రతి వారం వచ్చి మీ ఎదురుగానే కూర్చునేవాడు."